ఈ కాకటూ దరువు వేస్తుంది

కాకటూ అనే చిలుక జాతి పక్షి అంటే తెల్లగా, నెత్తిన పసుపు కుచ్చుతో ఉంటుందనే మొన్నటిదాకా అనుకున్నాను. పామ్ కాకటూ వీడియో చూశాక ఆ లెక్క తప్పింది. ఒళ్లంతా బొగ్గు నలుపు, రెండడుగులకు కాస్త తక్కువ పొడవు, నిక్కబొడుచుకున్న జుట్టు, బుగ్గల మీద ఈకల్లేని ఎర్రటి చర్మం, అది కూడా పక్షికి ఉద్రేకం వస్తే ఇంకా ఎర్రబడుతుంది. ముక్కు పై భాగం, కింది భాగం పూర్తిగా కలవవు, ఆ సందులో గట్టి కాయని నాలుకతో అదిమిపట్టి పగలగొడుతుంది.

న్యూగినీ, దాని దగ్గరి అరూ లాంటి దీవులు, ఆస్ట్రేలియాలో అయితే ఒక్క కేప్ యార్క్ ద్వీపకల్పం, అంతే, ఇంకెక్కడా లేదు. కేప్ యార్క్‌లో తిండికి వానలడవి కావాలి, గూటికి ఆ పక్కనున్న యూకలిప్టస్ అడవి కావాలి, అందుకే రెండూ కలిసే చోటే ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు విషయం దరువు. మగపక్షి పచ్చి కొమ్మ విరిచి, ముక్కుతో చెక్కి పుల్లలా తయారుచేసుకుని, కాలితో పట్టుకుని తొర్ర ఉన్న మాను మీద టక్ టక్‌మని కొడుతుంది. ఒక్కోసారి పుల్లకి బదులు గట్టి కాయ. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త రాబర్ట్ హైన్సోన్ బృందం 18 మగపక్షుల దరువులు రికార్డు చేసి 2017లో ఫలితాలు ప్రచురించింది: కొట్టడంలో లయ ఉంది, పైగా ఒక్కో పక్షిది ఒక్కో బాణీ! పనిముట్టు తయారుచేసుకునే జంతువులు చాలానే ఉన్నాయి కానీ దాన్ని తిండికి కాకుండా వాయించడానికి వాడేది, మనిషిని పక్కన పెడితే, ఇదొక్కటే అంటారు.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగేది. వాయించడం అయ్యాక చాలాసార్లు ఆ పుల్లనే పీలికలు చేసి తొర్రలో పడేస్తుంది. అలా పడ్డ పుల్లలే లోపల మందంగా పేరుకుని గూడు అవుతాయి, వాననీళ్లు లోపలికొచ్చినా కిందికి దిగిపోతాయి, గుడ్డు తడవదు. గుడ్డు కూడా ఒక్కటే, అదీ సాధారణంగా రెండేళ్లకోసారి. దాదాపు నెల పొదిగితే నూగు కూడా లేని పిల్ల బయటికొస్తుంది, గూడు వదలడానికి ఇంకో మూడు నెలల పైనే.

ఇంత చేసినా కేప్ యార్క్‌లో చాలా గూళ్లలో పిల్ల దక్కదు. ఉడుములు, పాములు గుడ్డో పిల్లో ఎత్తుకుపోతాయి. తొర్ర చూస్తే చెదలు, బూజు కలిసి మానుని లోపలినుంచి తినేస్తే తయారయ్యేది, దానికి ఎన్ని దశాబ్దాలు పడుతుందో ఆలోచించండి, కార్చిచ్చు వస్తే ఒక్క పూటలో పోతుంది.