రెండున్నర మాస్టారు, ఒక్కరోజు ఆల్బం

"శనివారం లోపు రెండు పేజీలు, ఒక ఫొటో" అని మన బ్యాచ్ సావనీరు కమిటీ తరఫున రోల్ నంబర్ 23వాడు మూడుసార్లు ఫోన్ చేశాడు. ఫొటో వెంటనే పంపాను, జుట్టున్నప్పటిది. పేజీలకే టెన్షన్. ఫస్టియర్ అంటే ఎండ, సైకిలు. సెకండియర్ మొత్తం ఎగిరిపోయింది. ఫైనలియర్లో ఒక్క మధ్యాహ్నం మిగిలింది.

షీట్ మెటల్ షాపు, లంచ్ టైం. 23 వాళ్ల ఓడ మామయ్య తెచ్చిన ఇంగ్లీషు రాక్ బ్యాండ్ బ్లాక్ సబాత్ మొదటి ఆల్బం. బీసెంట్ రోడ్డులో సీ-60, అంటే గంట క్యాసెట్ మీద ఎక్కించుకుంటే 38 నిమిషాలకే అయిపోయిందని, మిగతా టేపు నిండా షాపువాడు ఘంటసాల పాటలు నింపాడు. వాన, ఉరుము, గంట మొదలవగానే 'స్వామి' చెంపలేసుకున్నాడు, గుర్తుందిగా.

రెండున్నర మాస్టారు లోపలికొచ్చారు. "రేకులు కత్తిరించే షియరింగ్ మెషీన్లో రేకు ఎవడు ఇరికించాడ్రా?"

ప్రాక్టికల్ మార్కుల భయంతో మామయ్య చెప్పిన కథంతా ఒప్పజెప్పాను. "ఇదీ షీట్ మెటలే సార్. గిటార్ వాయించే టోనీ అయోమీది బర్మింగ్‌హామ్. రేకుల ఫ్యాక్టరీలో పని మానేసే ఆఖరి రోజున, రానివాడి బదులు రేకు నొక్కే ప్రెస్ మీద నిలబెట్టారు. పదిహేడేళ్లవాడు. కుడిచేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. ఎడమచేతి వాటం కదా, తీగలు నొక్కేది ఆ చేత్తోనే."

"చెయ్యి లోపలికి పోకుండా గార్డు లేదా?"

"తెలీదు సార్. గిన్నెల సబ్బు సీసా కరిగించి వేళ్లకి టోపీలు చేసుకున్నాడు. పైన తోలు అంటించాడు. తీగలు సన్నవి వేసుకున్నాడు. తర్వాత 1969 అక్టోబర్ 16న లండన్లో ఈ ఆల్బమంతా ఒక్కరోజులో కొట్టేశారు. మధ్యలో గిటార్లో తీగల మోత పట్టే పికప్ పోతే ఇంకో గిటార్ తీశాడు."

"స్పేరు తెచ్చుకున్నాడన్నమాట. బుద్ధిమంతుడు."

"1970 ఫిబ్రవరి 13, శుక్రవారం రిలీజు. రివ్యూలవాళ్లు తిట్టిపోశారు. అయినా బ్రిటన్లో 8వ స్థానం దాకా ఎక్కింది."

అదేమీ ఆయన చెవికెక్కినట్టు లేదు. "వేళ్లు పోయాక వాణ్ణి మళ్లీ కూర్చోబెట్టిందెవరు?"

"ఫ్యాక్టరీ మేనేజరే సార్. జాజ్ గిటారిస్టు జాంగో రైన్‌హార్ట్ రికార్డు తెచ్చి వినిపించాడట. ఆయన తీగల మీద రెండు వేళ్లతోనే వాయించేవాడు."

మాస్టారు ఎడమచేతి చూపుడువేలిని, మనం మూడేళ్లు నవ్వుకున్న ఆ అరని, ప్యాంటుకి తుడుచుకున్నారు. "మొదటినుంచి పెట్టు" అన్నారు. ఘంటసాల వచ్చేదాకా కదల్లేదు. మర్నాడు షియరింగ్ మెషీన్ గార్డు మా చేతే విప్పించి, మళ్లీ బిగింపించారు. రెండుసార్లు.

ఇప్పుడు ఆటోనగర్లో నావి నాలుగు ప్రెస్సులు, పదకొండుమంది పనివాళ్లు. గొప్పకి చెప్పడం లేదు, సరే, కొంచెం గొప్పకే. రెండు చేతులూ రెండు బటన్ల మీద ఉంటేనే ఏ ప్రెస్సయినా దిగుతుంది. ఓపెనింగ్ రోజు మాస్టారొచ్చారు. కొబ్బరికాయ వైపు చూడకుండా నేరుగా గార్డు సందులో వేలు పెట్టి చూశారు. పట్టలేదు. ఆ అర కూడా పట్టలేదు.

"మంచిది" అని, నాకూ 23కీ తనకీ కలిపి టీలకి వేళ్లు చూపించారు.

కుర్రాడు నావైపు తిరిగాడు. "రెండా సార్, మూడా?"