రింగు తాగేసిన గ్యాస్

విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద స్టీలు సెల్ చేయించుకుంటుంటే, "ఏంటమ్మా ఇది, సోడా మిషనా?" అన్నాడు లేత్ బాబాయ్. ఇంచుమించు అంతే. లిక్విడ్‌లో కార్బన్ డయాక్సైడ్ ఎంత కరుగుతుందో కొలిచే మూత డబ్బా ఈ సెల్. సోడాలో నీళ్లుంటాయి, నా సెల్‌లో అయానిక్ లిక్విడ్. అదీ ఒక ఉప్పే, కాకపోతే గది వేడికే నూనెలా పారుతుంది. ఆవిరి దాదాపు కాదు కాబట్టి దాని పైన ఉన్నదంతా కార్బన్ డయాక్సైడే అనుకుని లెక్క వేసేయొచ్చు.

పద్ధతి చెప్పడానికి తేలిక. పక్కపక్కన రెండు గదులు, మధ్యలో వాల్వ్. మొదటి గదిలో గ్యాస్ నింపి ప్రెషర్ రాసుకుని, వాల్వ్ తిప్పి లిక్విడ్ ఉన్న గదిలోకి వదలాలి. ప్రెషర్ పడీ పడీ ఒకచోట ఆగుతుంది. లెక్కకు తగ్గిన గ్యాస్ అంతా కరిగినట్టే. లిక్విడ్ చిక్కన కాబట్టి, కలుపుతూ ఉన్నా గంటలు పడుతుంది.

కొత్త లిక్విడ్ జోలికి పోకముందు, హెక్సైల్ మిథైల్ ఇమిడజోలియం ఉప్పుతో సెటప్‌ని పరీక్షించుకోమన్నారు మా గైడ్ మేడమ్. ఐయుపాక్ (అంతర్జాతీయ రసాయన శాస్త్ర సంస్థ) ప్రాజెక్టులో వేర్వేరు ల్యాబులు కొలిచి పోల్చుకున్నది దాన్నే. 25 డిగ్రీల దగ్గర, గ్యాస్ ఎంత కరుగుతుందో చెప్పే హెన్రీ స్థిరాంకం 32 బార్ దగ్గర్లో రావాలి. నాకు 27 వచ్చింది. ఈ అంకె తగ్గితే ఎక్కువ కరిగినట్టు కాబట్టి ఒక పూట సంతోషపడ్డాను కూడా.

"కరిగిందా, ఎటైనా పోయిందా?" అన్నారు మేడమ్.

తడి వల్లేమో అనుకున్నాను. కానీ 70 డిగ్రీల దగ్గర వాక్యూమ్‌లో రెండు రోజులు ఆరబెట్టిన లిక్విడ్ అది. పైగా తడి ఉంటే తూకంలో నీళ్లు కూడా లిక్విడ్ కిందే పడి, అంకె పెరగాలి గానీ తగ్గకూడదు. ఇక వేడి. 10 బార్ దగ్గర ఒక్క డిగ్రీ తేడాకి ప్రెషర్ 35 మిల్లీబార్ దాకా కదులుతుంది. మే నెల, కరెంటు పోతే సెల్‌ని ఒకే వేడి దగ్గర ఉంచే బాత్ చల్లదనం గోవిందా. ఆ రీడింగులన్నీ ఎప్పుడో పారేశాను.

లీకేజీ కోసం ప్రతి జాయింటుకీ సబ్బు నురగ రాశాను. ఒక్క బుడగ రాలేదు. ఖాళీ సెల్‌లో హీలియం నింపి రాత్రంతా వదిలేస్తే ముల్లు కదల్లేదు. అదే ఖాళీ సెల్‌లో కార్బన్ డయాక్సైడ్ నింపితే మాత్రం మెల్లగా పడుతోంది! టెన్షన్‌తో సెల్ విప్పాను. మూతకి వేసిన నల్ల రబ్బరు రింగు ఉబ్బి, మీద చిన్న చిన్న పొక్కులు. బ్యాలెన్స్ మీద పెడితే చివరి అంకెలు నా కళ్ల ముందే తగ్గుతున్నాయి. తాగిన గ్యాస్‌ని కక్కుతోందన్నమాట. సెల్‌లో ఉన్న లిక్విడ్ 5 గ్రాములే కాబట్టి, రింగు మింగిన కాస్తా లెక్కలో అంత పెద్దదైంది.

మళ్లీ ఆటోనగర్. టెఫ్లాన్ రింగు తిప్పించుకున్నాను. దానికి రబ్బరులా సాగే గుణం లేదు, బోల్టులు ఎదురెదురువి కొద్దికొద్దిగా బిగించుకుంటూ రావాలి. అది తెలిసేలోపు రెండు రింగులు పాడయ్యాయి. మూడోదానికి బాబాయ్ డబ్బులు తీసుకోలేదు.

ఖాళీ సెల్‌లో ఈసారి ప్రెషర్ నిలబడింది. 10 బార్ దగ్గర ఈ గ్యాస్ ఆదర్శ వాయువు లెక్కకి 5 శాతం దాకా తేడాగా ఉంటుంది, ఆ సవరణా వేశాను. మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 32కి అటూ ఇటూగానే వచ్చింది.