రంగూన్‌లో ఉండిపోయిన సిపాయి ముత్తాత: ఇంతవరకూ తేలింది

మా ముత్తాత గురించి ఇంట్లో మిగిలినవి ఒక వెండి బిళ్ళ, మా పెద్దమ్మ చెప్పే ఒక్క ముక్క. "సిపాయిగిరీ అయిపోయాక రంగం ఎల్లిపోనాడురా, అక్కడే ఉండిపోనాడు." రంగం అంటే బర్మాలోని రంగూన్. మాది భీమిలి దగ్గర పల్లె. ఇలాంటి పని మీదే ఉన్నవాళ్ళకి పనికొస్తుందని, వెతుకులాట ఎక్కడిదాకా వచ్చిందో రాసి పెడుతున్నాను.

బిళ్ళకి ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రమ్మీద మనిషి, 1914, 1918 అంకెలు. మొదటి ప్రపంచ యుద్ధానికిచ్చిన బ్రిటిష్ వార్ మెడల్. లక్షల్లో పంచారు కాబట్టి అరుదైనదేమీ కాదు. చూడాల్సింది దాని అంచు. నంబరు, హోదా, పేరు, దళం అక్కడే ఉంటాయి. మావాళ్ళు పండగ పండక్కీ చింతపండుతో తోమి తోమి అక్షరాలు సగం అరగదీశారు. దయచేసి తోమకండి. లైటు ఆర్పేసి, టార్చి పక్కనుంచి ఏటవాలుగా కొట్టి, బిళ్ళని కొద్దికొద్దిగా తిప్పుతూ ఫోన్‌తో దగ్గరగా ఫొటోలు తీశాను. నాలుగంకెల నంబరు, 'ఎస్‌పీఆర్', ఒకే ఒక్క పేరు, చివర '2 క్యూ.వి.ఓ. ఎస్ అండ్ ఎమ్' అని తేలింది. అంటే సాపర్, సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. బెంగళూరులో ఉండే మద్రాస్ సాపర్లే వీళ్ళు, ఇప్పటి మద్రాస్ ఇంజనీర్ గ్రూప్. వంతెనలు కట్టడం, దారులు వేయడం, కందకాలు తవ్వడం వీళ్ళ పని.

అంచు మీద ఇంటిపేరు లేదు. మావాడిలా సింహాద్రి అప్పన్న పేరు పెట్టుకున్నవాళ్ళు మా వైపు వీధికి పదిమంది ఉంటారు. పైగా సైన్యం గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు: అపల్సామి, అప్పల్‌స్వామి, ఉప్పలసామి. అందుకే పేరు వదిలేసి నంబరు పట్టుకున్నాను.

లండన్‌లో క్యూ అనే పేటలో ఉన్న నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ మెడల్ కార్డుల (ఎవరికి ఏ మెడలిచ్చారో రాసినవి) కేటలాగు ఇంట్లో కూర్చునే చూడొచ్చు, వెతకడానికి డబ్బులు అక్కర్లేదు. భారత సైన్యానివి కొన్నే ఉన్నాయి, మావాడు లేడు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో చనిపోయినవాళ్ళే ఉంటారు. బతికొచ్చినవాణ్ణి అక్కడ వెతకడం దండగ. పంజాబ్ వాళ్ళని చూస్తే మాత్రం కుళ్ళు పుడుతుంది. లాహోర్ మ్యూజియంలో ఉన్న రిజిస్టర్లలోంచి దాదాపు 3,20,000 మంది సిపాయిల వివరాలు ఊరివారీగా 2021 నుంచి ఆన్‌లైన్‌లోకి వస్తున్నాయి. మన మద్రాసు ప్రెసిడెన్సీకి అలాంటిది నాకెక్కడా కనబడలేదు.

అసలు చిక్కు రంగూన్ దగ్గర. ఫిజీకో, దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కో గిర్మిట్ (కూలీ ఒప్పందం) మీద వెళ్ళినవాళ్ళ కాగితాల్లో తండ్రి పేరు, ఊరు, కులం, వయసు దొరుకుతాయి. బర్మా అలా కాదు. 1937 ఏప్రిల్ 1 దాకా అది బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రమే. భీమిలిలోనో కళింగపట్నంలోనో స్టీమరెక్కితే సరిపోయేది, పాస్‌పోర్టు గొడవ లేదు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి పైగా భారతీయులే. అంతమందిలో మావాణ్ణి ఏ పేరుతో పట్టుకోను?

దారి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరికింది. విదేశీ సైట్లలో రాత్రిళ్ళు గడిపేకంటే ముందు ఇక్కడికే వెళ్ళాలని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. ఫీజు కట్టి పాత దస్తావేజుల పేర్ల ఇండెక్స్ వెతికిస్తే, 1931లో తమ్ముడికి మెట్ట భూమి అమ్మిన క్రయ దస్తావేజు బయటపడింది. తండ్రి పేరు, ఇంటిపేరు, ఆ తర్వాత 'మాజీ సిపాయి, ప్రస్తుతం రంగూన్ పట్నం కాపురం' అని స్పష్టంగా ఉంది. నకలులో ఆయన సంతకం కనబడదు, అంతా గుమాస్తా చేతిరాతే.

1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, దాని వెంటే వాళ్ళ మీద దాడులు జరిగాయి. ప్రాణభయంతో చాలామంది తిరిగొచ్చేశారు. మావాడూ అప్పుడే వచ్చి ఉంటాడని నా ఊహ. కానీ ఉన్న భూమి చెక్క అమ్మేసి మళ్ళీ వెళ్ళాడంటే, అక్కడ సంసారం ఉండే ఉండాలి.

విశాఖలో బర్మా క్యాంప్ ఉంది కదా, 1960ల్లో బర్మాలో వ్యాపారాలు జాతీయం చేశాక తిరిగొచ్చినవాళ్ళు ఉండే చోటు. అక్కడి పెద్దాయన ఒకరు బర్మాలోని మౌల్మేన్‌లో మా ఇంటిపేరున్న కుటుంబం ఫోన్ నంబరిచ్చారు. నాకు అత్త వరస అవుతారేమో, ఆవిడ తన తండ్రి ఫారినర్స్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ (అక్కడ విదేశీయులకిచ్చే నమోదు పత్రం) ఫొటో పంపారు. అందులో ఆవిడ తాత పేరు మా ముత్తాత పేరుతో కలుస్తోంది, జిల్లా 'విజగపటం' అని ఉంది. ఊరు పేరు చెదలు తినేసింది. ఇక్కడొక జాగ్రత్త: 1950కి ముందు శ్రీకాకుళం జిల్లా లేదు, 1979కి ముందు విజయనగరం జిల్లా లేదు. పాత కాగితాల్లో ఆ ఊళ్ళు విశాఖ కిందో, 1936కి ముందువైతే శ్రీకాకుళం వైపువి చాలా గంజాం కిందో కనబడతాయి.

ఇంటిపేరు, ఆ తాత పేరు కలిసినంత మాత్రాన మావాళ్ళే అనలేను. ఈ మెడల్ వచ్చినవాళ్ళలో చాలామందికి విక్టరీ మెడల్ కూడా ఇచ్చారు, దాని అంచు మీదా అదే నంబరుంటుంది. మా ఇంట్లో అది లేదు. అక్కడేమైనా ఉందా అని అత్తని అడిగాను, పాత ట్రంకుపెట్టె చూస్తానన్నారు.

ఈలోగా బెంగళూరులో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ రికార్డ్ ఆఫీసుకి ఉత్తరం రాశాను. నంబరు, అంచు ఫొటోలు, వంశవృక్షం, 1931 దస్తావేజు నకలు, దానికి ఇంగ్లీషు తర్జుమా జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను.