మన బడి బ్యాండ్ల పాటలు ఒకే డిస్కులోకి తేవాలంటే

పాత బ్యాచ్‌ల బ్యాండ్లు పాడిన పాటలన్నీ కలిపి ఒక డిస్కు వెయ్యాలన్న మాట మన పూర్వ విద్యార్థుల సంఘంలో నడుస్తోంది. ఆ పని తలకెత్తుకునేవాళ్లు ముందుగా వినాల్సింది అమెరికాలోని వాషింగ్టన్ డీసీలో పంక్ బ్యాండ్ల రికార్డులు వేసే డిస్కార్డ్ రికార్డ్స్ అనే సంస్థ (లేబుల్) 2002లో తెచ్చిన ఇరవై ఏళ్ల సంకలనం. మూడు సీడీల పెట్టె అది. మొదటి రెండింటిలో 50 బ్యాండ్లు, తలా ఒక పాట. మూడోదాంట్లో అప్పటిదాకా బయటికి రానివి.

ఈ లేబుల్ 1980లో పుట్టింది. టీన్ ఐడిల్స్ అనే కుర్రాళ్ల బ్యాండ్ విడిపోతూ, కచేరీల మీద కూడబెట్టిన సుమారు 600 డాలర్లతో ఏడంగుళాల రికార్డు వెయ్యి కాపీలు వేసింది. కవర్ల కోసం ఒక రికార్డు కవరు విప్పి, ఆ ఆకారం గీసుకుని, అచ్చు వేయించి, కత్తెరతో కత్తిరించి, మడిచి, జిగురుతో అతికించారు. 1985లో ఇదే లేబుల్ మీద వచ్చిన రైట్స్ ఆఫ్ స్ప్రింగ్ ఆల్బమ్‌ను ఇమోకు, అంటే మనసులోని బాధను బయటపెట్టే పంక్ శైలికి, మొదలుగా చెప్పుకుంటారు. అందులోని గై పిచియాటో, బ్రెండన్ కాంటీ తర్వాత ఫుగాజీలో చేరి హార్డ్‌కోర్ (వేగంగా అరుస్తూ పాడే పంక్) నుంచి ఎదిగిన పోస్ట్-హార్డ్‌కోర్ శైలికి రూపం ఇచ్చారు. నిమిషంలో ముగిసిపోయే అరుపుల పాట ఇలా కొత్త దారి పట్టడం ఈ పెట్టెలో చెవికి తెలుస్తుంది. మంచి సంకలనం చేయాల్సిన పని అదే.

ఇక మన సంగతి. మన దగ్గర ఉన్నవి ఎక్కువగా క్యాసెట్లు. రికార్డు చేసిన డెక్కులో (క్యాసెట్ యంత్రంలో) హెడ్, అంటే టేపును చదివే భాగం, వంపు ఒకలా, ఇప్పుడు వాయించే డెక్కులో ఇంకోలా ఉంటే డ్రమ్స్ తాళాల (సింబల్స్) మోత మూగబోతుంది. మోనోలో (ఎడమ, కుడి శబ్దాలు రెండూ కలిపి) పెట్టి, హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ, ఆ మోత బాగా స్పష్టంగా వినిపించినచోట ఆపాలి. ప్రతి క్యాసెట్‌కూ ఇది మళ్లీ చెయ్యాలి, తప్పదు. స్టూడియో స్పూల్ టేపు (చక్రానికి చుట్టిన పెద్ద టేపు) కిర్రుమంటూ హెడ్ మీద జిగురు వదిలితే వెంటనే ఆపేయండి. అప్పటి కొన్ని టేపుల్లో అయస్కాంతపు పొడిని పట్టి ఉంచే పూత తేమ పీల్చి మెత్తబడుతుంది, కోస్తా ఉక్కలో మరీను. అలాంటివాటిని ప్రయోగశాల ఓవెన్‌లో 54 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఆరబెట్టి వెంటనే కాపీ తీస్తారు. తెలిసినవాళ్లకే అప్పగించండి, వంటింటి ఓవెన్ జోలికి పోవద్దు.

శబ్దం సరిచూసేటప్పుడు మీటరులో సూది ఎంత ఎగిరిందన్నది కొలత కాదు. ఒక పాటలోని గొంతు పక్క పాటలోని గొంతుతో సమానంగా వినిపించాలి. మొత్తం 74 నిమిషాల లోపు ఉంచితే ఏ సీడీలోనైనా పడుతుంది. ఎల్పీ (గాడులుండే పెద్ద రికార్డు) అయితే ఒక వైపుకు 20 నిమిషాలు చాలు. ఎక్కువైతే గాడులు ఇరుకై శబ్దం తగ్గించాల్సి వస్తుంది. మధ్యకు దగ్గరున్న లోపలి గాడుల్లో 'స' కారాలు గరగరలాడతాయి కాబట్టి మెత్తని పాటను ప్రతి వైపు చివర్న పెట్టాలి.

డిస్కార్డ్ బ్యాండ్లతో ఒప్పంద పత్రాలు రాసుకోలేదు, ఖర్చులు పోగా లాభం పంచుకుంది. మనం మాత్రం పాట రాసినవారు, బాణీ కట్టినవారు, పాడినవారు అందరి సంతకాలూ కాగితం మీద తీసుకోవాలి. సినిమా పాటల కవర్లు (మన బ్యాండ్లు మళ్లీ పాడినవి) వద్దు. కాపీరైటు చట్టం 31సి సెక్షన్ కింద లైసెన్సు కావాలంటే మామూలుగా ఒక్కో పాటకు ఏడాదికి కనీసం 50,000 కాపీల రాయల్టీ ముందే కట్టాలి. మనం వేసేది ఐదారు వందలు. సొంత బాణీలే ఏరుకుందాం.