ఎటూ మొగ్గని ప్రశ్న

ఆదివారం, రాత్రి

ఓటర్లకి సాయం చేసే ఒక గ్రూపులో చేరాక, ఈమధ్య ఎవరు కలిసినా నన్ను అడిగేది ఒక్కటే: "ఇంతకీ మీది ఏ పార్టీ గ్రూపు?" ఏ పార్టీదీ కాదంటే, "పైకి అలాగే చెప్పాలిలే" అని నవ్వుతారు. ఇవాళ పొద్దున ఫోన్లో బావగారు ఇంకో మెట్టు ఎక్కారు. "అయితే మీరంతా గోడ మీద పిల్లులన్నమాట!"

"కాదు బావగారూ, మా వాళ్లలో ఎవరికి ఓటెయ్యాలో తెలియని మనిషి ఒక్కరూ లేరు. ఆ సంగతి గ్రూపు పనిలోకి తీసుకురాకూడదు, అంతే" అన్నాను. ఆయన నమ్మలేదు. నమ్మించడం నా పని కాదు కాబట్టి మాట మార్చేశాను.

నిజానికి నేను ఇందులో చేరింది ఉపన్యాసాలు ఉండవన్న ధైర్యంతోనే. ఓటరు జాబితాలో పేరుందో లేదో చూసుకోవడం తెలియనివాళ్లకి సాయం చేస్తారు. కౌన్సిల్ సమావేశాలకు వెళ్లి, వెనక వరసలో కూర్చుని, ఎవరు ఏ తీర్మానానికి చెయ్యెత్తారో రాసుకుంటారు. ఎన్నికలప్పుడు అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీదకి పిలుస్తారు. బాధ్యతల్లో ఉన్నవాళ్లు ఆ కాలంలో ఏ అభ్యర్థికీ ప్రచారం చేయకూడదు. మిగిలిన మాలాంటివాళ్లు సొంతంగా ఏం చేసుకున్నా గ్రూపు పేరు వాడకూడదు. పెద్ద ఆర్భాటమేమీ లేని పని. అందుకే నచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం అభ్యర్థుల కోసం ప్రశ్నలు తయారుచేయడానికి కూర్చున్నాం. జనం చీటీల మీద రాసిచ్చినవి ఒక పెట్టెడు ఉన్నాయి. వాటిలో చాలావరకు తిట్లు. కొన్ని ప్రశ్న వేషంలో వచ్చిన పొగడ్తలు. ఇంకొన్నిటికి స్థానిక కౌన్సిల్‌తో సంబంధమే లేదు. విదేశాంగ విధానం గురించి వార్డు సభ్యుణ్ణి నిలదీసి ఏం లాభం? అవన్నీ పక్కన పెట్టేశాక, ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి ఒక్క ప్రశ్నగా రాయాలి. అక్కడ మొదలైంది అసలు టెన్షన్.

"రోడ్లు ఇంత అధ్వానంగా ఉంటే ఇన్నాళ్లూ ఏం చేశారు?" అని చాలామంది రాశారు. కోపం న్యాయమైనదే. కానీ ఆ ప్రశ్న పదవిలో ఉన్నవాళ్లకే తగులుతుంది. కొత్తగా నిలబడినవాళ్లు ఊరికే చప్పట్లు కొట్టించుకుని కూర్చుంటారు. కాలేజీ కుర్రాడొకడు దాన్ని మార్చి, "రోడ్ల మరమ్మతుకు ఏ ఖర్చు తగ్గించి డబ్బు తెస్తారు?" అని రాశాడు. అందరం బాగుందన్నాం. ఆడిట్ శాఖలో చేసి రిటైరైన పెద్దాయన మాత్రం కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"తగ్గించి అని ఎందుకు బాబూ? పన్ను పెంచుతానని చెప్పే మనిషి ఒకడున్నాడనుకో. వాడి నోరు నువ్వే కట్టేస్తున్నావు కదా."

చివరికి నిలిచింది ఇది: "రోడ్ల మరమ్మతుకు మొదటి ఏడాది ఎంత అవసరమనుకుంటున్నారు? ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తారు?" చప్పగా ఉందని కుర్రాడు మొహం ముడుచుకున్నాడు. నాకైతే మొదటి ప్రశ్న కంటే ఇదే గట్టిగా తగులుతుందనిపించింది. ఏం చేశారని అడిగితే ఎవరి మీదో ఒకరి మీద నెట్టేసి తప్పించుకోవచ్చు. ఎంత, ఎక్కడి నుంచి అంటే ఒక అంకె చెప్పాలి, చెప్పకపోతే చెప్పలేదని హాలంతటికీ తెలిసిపోతుంది.

రోడ్డు వెడల్పు గురించి వచ్చిన చీటీలు ఇంకా తమాషా. సగం మంది "చెట్లు నరికే ప్రాజెక్టు" అన్నారు, సగం మంది "అభివృద్ధి ప్రాజెక్టు" అన్నారు. ఫైల్లో ఏ పేరుందో ఆ పేరే రాద్దామనుకుని ముందుకెళ్లాం.

తర్వాత నియమాలు. అందరికీ అదే ప్రశ్న, అంతే సమయం. మొదట ఎవరు మాట్లాడాలో చీటీ తీసి తేల్చాలి, ప్రశ్న ప్రశ్నకీ వరస మారాలి. వీటి మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చింది ఒకే ఒక్క చోట: ఒక్క అభ్యర్థే వచ్చి, మిగతావాళ్లు రాకపోతే?

గ్రూపు నడిపే ఆవిడ మెత్తగా మాట్లాడతారు గానీ ఈ విషయంలో గట్టిగా ఉన్నారు. "ఒక్కరితో జరిపితే అది ఆ ఒక్కరి ప్రచార సభే అవుతుందండీ. రద్దు చేసి, అందరి దగ్గరా రాతపూర్వకంగా జవాబులు తీసుకుని పంచుదాం." నేను ఒప్పుకోలేదు. అలాగైతే రానివాడి చేతికే తాళం ఇచ్చినట్టు కదా? వాడు ఇంట్లో కూర్చుని సభనే ఆపేయగలడు. గంటసేపు వాదించుకున్నాం. ఓటింగ్ పెడితే ఆవిడ మాటే నెగ్గింది. ఈ నియమం ముందుగానే అభ్యర్థులందరికీ ఒకే రోజు తెలియజేయాలన్న నా సవరణకి మాత్రం ఒప్పుకున్నారు.

ఇంటికొచ్చాక ఇలాంటి ఇబ్బంది పెద్దవాళ్లకి ఎప్పుడైనా ఎదురైందా అని వెతికాను. ఎదురైంది. అమెరికాలో లీగ్ ఆఫ్ విమెన్ ఓటర్స్ అని ఒక సంస్థ ఉంది. ఆడవాళ్లకి ఓటుహక్కు కోసం పోరాడినవాళ్లే 1920లో పెట్టారు. ఏ అభ్యర్థినీ బలపరచదు. 1980 అధ్యక్ష ఎన్నికల్లో చర్చలు జరిపింది వీళ్లే. సర్వేల్లో 15 శాతం మద్దతు ఉంటే ఎవరినైనా పిలవాలని ముందే గీత గీసుకున్నారు. స్వతంత్ర అభ్యర్థి జాన్ ఆండర్సన్ ఆ గీత దాటాడు, పిలిచారు. ఆయన ఉంటే నేను రానని పదవిలో ఉన్న అధ్యక్షుడు కార్టర్ మొరాయించాడు. వేదిక మీద ఖాళీ కుర్చీ వేయాలన్న ఆలోచన కూడా వచ్చిందిగానీ వేయలేదు. కార్టర్‌కి ప్రత్యర్థి అయిన రిపబ్లికన్ అభ్యర్థి రీగన్, ఆండర్సన్ ఇద్దరితోనే చర్చ జరిపారు. అక్కడ ఇద్దరైనా ఉన్నారు కాబట్టి మా గొడవ వాళ్లకి లేదు. కానీ అధ్యక్షుడు రానన్నా సభ ఆపలేదన్న ముక్క చదివి కొంచెం గర్వపడ్డానని ఇక్కడ రాసుకోవచ్చు. ఎనిమిదేళ్ల తర్వాత, 1988లో, రెండు పార్టీల ప్రచార బృందాలూ షరతులన్నీ తమలో తామే మాట్లాడుకుని, ఇలాగే జరపాలని వీళ్ల ముందు పెట్టాయి. ఇది ఓటర్లని మోసం చేయడమేనని చెప్పి లీగ్ తప్పుకుంది. ఆ చర్చలు వేరేవాళ్ల చేతికి వెళ్లిపోయాయి. నాకైతే ఆ తప్పుకోవడం గొప్పగానూ ఉంది, నష్టంగానూ ఉంది. రెండూ ఒకేసారి.

భారతదేశంలో ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ దారి వేరు. ఐఐఎం అహ్మదాబాద్ ప్రొఫెసర్లు కొందరు 1999లో మొదలుపెట్టారు. అభ్యర్థుల మీదున్న క్రిమినల్ కేసులు, ఆస్తులు ఓటర్లకి తెలియాలని కోర్టుకెళ్లారు, 2002లో సుప్రీంకోర్టు అవునంది. ఇప్పుడు నామినేషన్‌తో పాటు అఫిడవిట్ పెట్టడం మామూలైపోయింది. అందరి వివరాలూ ఒకే తీరులో బయటపెడతారు, దెబ్బ మాత్రం అందరికీ ఒకేలా తగలదు. పది కేసులున్నవాడు "ఇది నా మీద కుట్ర" అనే అంటాడు. తటస్థం అంటే ఎవరికీ నొప్పి తగలకుండా చూడటమని మా గ్రూపులోనే కొందరి ఉద్దేశం. వాళ్లతో నాకు పడదు. కొలత ఒకటే అయితే చాలు, ఫలితం ఎవరి ఖాతాలో పడుతుందో అది వాళ్ల బాధ.

ఇంక పడుకోవాలి, కానీ సభలో టైం చూసే పని నాకు ఇచ్చారు. మాట్లాడేవాళ్లకి చూపించడానికి అట్టలు తయారుచేస్తున్నాను. ముప్పై సెకన్లు మిగిలాయంటే పసుపు, అయిపోయిందంటే ఎరుపు అని మొదట అనుకున్నాం. ఆ రెండూ ఎవరో ఒకరి జెండా రంగులేనని కుర్రాడు గుర్తుచేశాడు. నీలం, ఆకుపచ్చ, కాషాయం, గులాబీ, ఏది అనుకున్నా అదే గొడవ. తెల్ల అట్ట మీద నల్ల స్కెచ్‌పెన్‌తో రాస్తున్నాను, వెనక వరసకి కూడా కనిపించేంత లావుగా.