సైకిల్ ట్యూబు చుట్టిన గరిటె

డిసెంబర్ 3, 2025, బుధవారం, రాత్రి పదిన్నర

కాళ్లు పీకేస్తున్నాయి, గొంతు పోయింది. రేపు రాద్దాంలే అనుకుంటే సగం మర్చిపోతాను. రాసేసి పడుకుంటా.

ఇవాళ దివ్యాంగుల దినోత్సవం. ఐక్యరాజ్య సమితి 1992లో ప్రకటించిందని ఏటా మైకులో చదివేది నేనే. ఎవరూ వినరు, నాతో సహా. కానీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మా భవిత కేంద్రం పిల్లలకి ఇది సంక్రాంతికి తక్కువేం కాదు. హైస్కూలు ఆవరణలో ఓ మూలనున్న రెండు గదులు మావి. రిజిస్టర్లో 23 మంది ఉన్నారు, రోజూ వచ్చేది పది పన్నెండు మంది. నలుగురు అసలు బడికి రాలేరు, వాళ్లిళ్లకి నేనే వెళ్తాను. వారానికోసారి ఫిజియోథెరపీ మేడం వస్తారు. మిగతా రోజులు నేనూ ఆయమ్మా.

ఈసారి నిమ్మకాయ చెంచా ఆట సంగతి ముందే తేల్చుకోవాలనుకున్నాను. మాకో సీపీ పిల్లాడున్నాడు, ఆరో తరగతి. సీపీ అంటే సెరిబ్రల్ పాల్సీ, మెదడు చెప్పినట్టు కండరాలు వినవు. ఏటా ఈ ఆటలో నిలబడతాడు, మూడో అడుగులో నిమ్మకాయ పడిపోతుంది, చుట్టూ ఉన్నవాళ్లంతా "పర్లేదు నాన్నా" అంటూ చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లంటే వాడికి ఒళ్లు మంట. పోయినేడు చెంచా విసిరి కొట్టాడు. పొగరు అన్నారు ఎవరో. పొగరు కాదు, వాడి వేళ్లు బిగుసుకుపోయి ఉంటాయి, సన్నటి కాడ ఆ చేతికి దొరకదు.

నిన్న సాయంత్రం మధ్యాహ్న భోజనం వండే అక్కనడిగి ఒక గుంట గరిటె తెచ్చుకున్నాను. సైకిల్ షాపతను పాత ట్యూబు ఊరికే ఇచ్చాడు. రెండు వేళ్ల వెడల్పున పట్టీలు కత్తిరించి, కాడ మీద ఒక్కో చుట్టూ లాగి లాగి చుట్టి, చివర పురికొసతో బిగించాను. అయ్యేసరికి మొక్కజొన్న పొత్తంత లావైంది. రబ్బరు వాసన చేతికి ఇంకా వదల్లేదు, అన్నం కూడా ఆ వాసనతోనే తిన్నాను.

పది గంటలకి వస్తామన్న ముఖ్య అతిథి పన్నెండుంబావుకి వచ్చారు. దాని గురించి ఎక్కువ రాస్తే బీపీ పెరుగుతుంది. మా పిల్లలకి ఆకలీ, ఒంటేలూ, నిద్రా అతిథి కారు కోసం ఆగవు. ఆ రెండుంబావు గంటలూ ఆయమ్మ ఒకర్ని బాత్రూముకి తీసుకెళ్లడం, ఇంకొకర్ని తీసుకురావడం, ఇదే పని.

మైకు తప్పు మాత్రం నాదే. షామియానా అతను రెండు పెద్ద బాక్సులు తెస్తానంటే సరేనన్నాను. అతను తెచ్చి ఒకదాన్ని సరిగ్గా మా గోడ చార్టు కింద పెట్టాడు. వైకల్యాలు 21 రకాలని, 2016 చట్టం ప్రకారం రాసిన చార్టు అది. అంతకు ముందు 1995 చట్టంలో ఏడే ఉండేవి, ఆటిజం పేరే లేదు. ఆ చార్టు రాసింది నేను, కింద బాక్సు పెట్టనిచ్చిందీ నేనే.

"హలో, మైక్ టెస్టింగ్" అనగానే మా ఎనిమిదేళ్ల ఆటిజం బాబు చెవులు రెండూ మూసుకుని, గోడవైపు తిరిగి, నుదురు గోడకేసి కొట్టుకోవడం మొదలెట్టాడు. వాళ్ల అమ్మమ్మ లాక్కొచ్చి వెనక చింతచెట్టు కిందకి తీసుకుపోయింది. "పండగ మీకే గానీ వీడికి కాదండీ మేడం గారూ" అంది పోతూ పోతూ. ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

నేను పరిగెత్తికెళ్లి బాక్సు ఆపించాను. అప్పుడొచ్చింది అసలు చిక్కు. ఇంటి దగ్గరే ఉండే నలుగురిలో ఒక పాపని వాళ్ల నాన్న మొదటిసారి బడికి తీసుకొచ్చాడు ఇవాళ. పదకొండేళ్ల పిల్లని టీవీఎస్ మోపెడ్ మీద ముందు కూర్చోబెట్టుకుని, తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని వచ్చాడు. శనివారం శనివారం వాళ్లింటికి వెళ్తాను కదా, ఆ పిల్ల నవ్వు నాకు తెలుసు, పెదవి ఓ పక్కకి కదులుతుంది, అంతే. మైకు గరగరమన్నప్పుడు మాత్రం ఒళ్లంతా ఊగిపోయేలా, గొంతు పైకి వచ్చేలా నవ్విందట. నేను ఆపించగానే మెడ తిప్పలేని పిల్ల కళ్లతోనే ఆ బాక్సుని వెతుక్కుంటోంది. "ఇంకోసారి పెట్టించండి మేడం, ఇట్టా నవ్వడం నేనెప్పుడూ చూళ్లేదు" అన్నాడు వాళ్ల నాన్న.

ఏం చెయ్యను? ఒకే మైకు. చెట్టు కింద వాడూ నా పిల్లాడే, ఇదీ నా పిల్లే.

చివరికి ఒక బాక్సు పూర్తిగా తీయించేశాను. రెండోదాన్ని బాగా తగ్గించి పాప కుర్చీ పక్కకి జరిపించి, దాని చేతిని బాక్సు మీద ఆనించాను. లోపలి అదురు చేతికి తెలుస్తుంది కదా. అతిథి గారి ఉపన్యాసం మొత్తం విన్నది ఆ పిల్ల ఒక్కతే అయ్యుంటుంది.

మైకు తగ్గినా చప్పట్లు ఉన్నాయిగా. చూడ్డానికొచ్చిన ఏడో తరగతి వాళ్లు దేనికైనా కొట్టేస్తున్నారు. దీనికి దారి చూపించింది వినికిడి లేని మా తొమ్మిదో తరగతి అమ్మాయి. ముందుకొచ్చి నిలబడి రెండు చేతులూ పైకెత్తి గాల్లో గిరగిర తిప్పి చూపించింది. సైగల భాషలో చప్పట్లంటే అదే. ఏడో తరగతి వాళ్లకి భలే నచ్చింది. ఆ పిల్ల ఒకటికి రెండుసార్లు సరిదిద్దింది కూడా, మోచేతులు కాదు, మణికట్లు తిప్పాలని. ఓ పావుగంటకి చింతచెట్టు వైపు నుంచి అమ్మమ్మ కొంగు కనబడింది, కొంగు వెనక వాడు. షామియానా లోపలికి మాత్రం రాలేదు. గుంజ పట్టుకుని, ఒక చెవి మీద చెయ్యి అలాగే ఉంచుకుని నిలబడ్డాడు.

గరిటె ఆట మొదలైంది. గ్రౌండంతా బురదగా ఉండటంతో వరండాలోనే పెట్టాం. మా సీపీ వాడు గరిటెని అటూ ఇటూ తిప్పి చూశాడు, ఒకసారి వాసన చూశాడు, పిడికిలి బిగించాడు. మిగతావాళ్లు ఎప్పుడు చేరారో నేను చూళ్లేదు. వాడు ఒక్కో కాలూ ఈడ్చుకుంటూ, నాలుక బయటపెట్టి, నిమ్మకాయనే చూస్తూ వెళ్లాడు. గీత దాటాక నిమ్మకాయ తీసి జేబులో వేసుకున్నాడు. ఇవ్వరా అంటే ఇవ్వలేదు. యాభై అరవై జతల చేతులు గాల్లో తిరుగుతున్నాయి, శబ్దం లేదు. ఎవరూ "పర్లేదు నాన్నా" అనలేదు, వాడు అననివ్వలేదు.

బహుమతుల దగ్గర నాకు అక్షింతలు పడ్డాయి. అందరికీ ఒకేలా స్టీలు టిఫిన్ బాక్సులు కొన్నాను, ఎవరూ చిన్నబుచ్చుకోకూడదని. పరుగులో మొదటొచ్చిన చూపు తక్కువ అమ్మాయి బాక్సు తడిమి చూసి, పక్కదాని బాక్సు కూడా తడిమి, "నాదేంటి ఫస్టు?" అని అడిగింది. "అందరూ ఫస్టేనమ్మా" అన్నాను. "అలాగైతే నన్నెందుకు పరిగెత్తమన్నారు?" అంది. నా దగ్గర జవాబు లేదు. నా సంచిలో ఉన్న కొత్త పెన్ను తీసిచ్చాను. పుచ్చుకుంది గానీ, పెన్నుతో సరిపెట్టుకున్నట్టేం లేదు మొహం.

పులిహోర పంచి, పిల్లల్ని ఆటోలెక్కించి, కుర్చీలు లెక్కపెట్టేసరికి నాలుగున్నర. గరిటె తీసుకుని వంటగదికి వెళ్లాను. అక్క గిన్నెలు తోముకుంటోంది. పురికొస ముడి విప్పబోతుంటే "ఉండండుండండి" అని తడి చేత్తోనే లాక్కుంది. ఖాళీ సాంబారు డేగిశాలో ఓసారి తిప్పి చూసింది.

"ట్యూబు ఉంచేయండి మేడం. ఇన్నాళ్లూ కాడ కాలి చస్తున్నాను."