అడ్డంగా, నిలువుగా

ఆదివారం. అటక సర్దుదామని ఎక్కితే పాత ట్రంకు పెట్టెలో అమ్మమ్మ అమ్మకు రాసిన ఇన్‌లాండ్ లెటర్లు దొరికాయి. ఇక సర్దడం అక్కడితో ఆగిపోయింది.

అన్నీ ‘ఉభయకుశలోపరి’ తోనే మొదలు. చోటు చాలక అంటించే మడత మీద, అంచుల్లో నిలువుగా కూడా రాసింది. కాగితాన్ని చేతిలో తిప్పుకుంటూ చదవాల్సిందే.

ఈ నెలంతా ఇంగ్లిష్ నవలా రచయిత్రి జేన్ ఆస్టెన్ కాలం నాటి ఇంగ్లండ్ ఇళ్ల గురించి చదువుతున్నాను. అక్కడ కూడా ఇదే అలవాటు. పేజీ నిండాక కాగితాన్ని పక్కకు తిప్పి, రాసిన వాక్యాల మీదుగానే అడ్డంగా మళ్లీ రాసేవారు. ఎందుకంటే తపాలా డబ్బు కట్టేది ఉత్తరం అందుకున్నవాళ్లే. దూరాన్ని బట్టి, కాగితాల లెక్కన వసూలు చేసేవారు. 1812 రేట్ల ప్రకారం 15 మైళ్లలోపు ఊరికి కూడా ఒక కాగితానికి 4 పెన్నీలు. రెండో కాగితం పెడితే రెట్టింపు. కవరు వాడినా అదీ ఒక కాగితం కిందే లెక్క. అందుకే రాసిన కాగితాన్నే మడిచి లక్కతో ముద్ర వేసేవారు. పార్లమెంటు సభ్యుల సంతకం ఉంటే మాత్రం ఉచితం. అలాంటి బంధువు ఎవరైనా ఉంటే ఎంత అదృష్టమో! 1840లో దూరంతో పని లేకుండా ఒక్క పెన్నీకే ఉత్తరం చేర్చే పెన్నీ పోస్టు వచ్చాక గానీ మామూలు ఇళ్లకు ఈ భారం తగ్గలేదు.

అంటే ఉత్తరం రాసేటప్పుడు అక్క చేత డబ్బు ఖర్చు పెట్టిస్తున్నామని చెల్లెలికి తెలుసు. అయినా జేన్ తన అక్క కసాండ్రాకు రాసింది ఏమిటి? బట్టల ధరలు, విందులో ఏం పెట్టారు, డాన్సు పార్టీకి ఎవరొచ్చారు. ఇవన్నీ చిల్లర కబుర్లని కొందరు పెదవి విరుస్తారు. నాకలా అనిపించదు. దూరంగా ఉన్న మనిషి డబ్బిచ్చి మరీ తెలుసుకోవాలనుకునేది ఆ చిల్లర కబుర్లనే. జేన్ పోయాక కసాండ్రా చాలా ఉత్తరాలు కాల్చేసింది. జేన్ ఎవరెవరికో రాసినవన్నీ కలిపి ఇప్పుడు మిగిలినవి దాదాపు 160.

ఇంట్లో చావు జరిగితే వాళ్లు నల్ల లక్కతో ముద్ర వేసేవారు. విప్పకముందే విషయం తెలిసిపోయేది. మన దగ్గర చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చింపేసేవారు, ఇంట్లో ఉంచేవారు కాదు. ఈ పెట్టెలో అలాంటిది ఒక్కటీ లేదు.

సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి ఒక ఉత్తరం చదివి వినిపించాను. అంచులో ఒకచోట అక్షరాలు చెరిగిపోయి ‘గింజలు’ అన్నదాని ముందు మాట అర్థం కాలేదు.

"పొట్ల గింజలు," అంది అమ్మ వెంటనే. "పాదు పెట్టాను. పందిరంతా అల్లుకుంది."